మూడో చుక్క పొడవని శనివారం

నేను ఒక వెండి బురుజును. ఎత్తు జానెడు, నెత్తిన ఒక జెండా, నడుమున ఒక చిట్టి తలుపు. బురుజు అన్నాను కదా అని యుద్ధాలు ఊహించుకోకండి. నా కడుపులో ఉండేవి లవంగాలు, దాల్చినచెక్క. జానెడు దానికి ఇంత గొప్పలెందుకు అంటారేమో, ఊరు ఊరంతటినీ శనివారంలో బంధించినదాన్ని నేను. నిజానికి నేను చేసిందేమీ లేదు. గడియ పడింది, అంతే.

ముత్యాలరేవులో యూదుల వీధి ఒకటుండేది. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా వాళ్లకు సబ్బాతు, అంటే విశ్రాంతి రోజు. పొయ్యి వెలిగించరు, కలం పట్టరు, ప్రయాణం కట్టరు. ఆ ఒక్క రోజూ ప్రతి మనిషిలోకీ ఒక అదనపు ఆత్మ చుట్టంలా వచ్చి ఉంటుందట. మూడో చుక్కతో అది వెళ్లిపోతుంటే మనిషి డీలాపడకుండా సుగంధాలు వాసన చూపిస్తారు. ఆ పనికే నన్ను చేయించారు. చేసిన కంసాలి వీరాచారికి ఈ సంగతులేవీ తెలియవు. నా జాతివాటికి ఒళ్లంతా చిల్లులుంటాయి. లవంగాలు రాలిపోతాయని బెంగపడి ఆయన ఒక్క చిల్లూ పెట్టలేదు. తలుపుకు బయటినుంచి బిగుతైన గడియ పెట్టాడు. పనితనం బాగుందని వీధంతా మెచ్చుకుంది. గడియ పడితే వాసన ఎలా వస్తుందని ఒక్కరూ అడగలేదు. మనుషులు అంతే, మెరిసేదాన్ని ప్రశ్నలడగరు.

నన్ను కొన్న యాలకుల వర్తకుడు పోయాక ఆయన భార్య మల్కా చేతికి వచ్చాను. మల్కాకు ఒక్కతే మనవరాలు, యెమీమా. కొట్లో యాలకులు తూచే పిల్ల. ఎవరితోనైనా మాట్లాడుతుంది గానీ, తన మనసులో మాట మాత్రం నాయనమ్మకు చెప్పలేదు. పక్కింట్లో సిప్పోరా ఉండేది. ఆమె ఒకప్పుడు ఓడ సరంగును ప్రేమించి పెళ్లాడింది. సముద్రం అతన్ని తీసుకుపోయింది. మూడేళ్లు ఏడ్చి, మళ్లీ అంతే నిండుగా యెమీమాను ప్రేమించింది. గూట్లో కూర్చునే నాకు ఇదంతా కనిపించింది. మల్కాకు కనిపించలేదు. ఆమె మనవరాలికి కొచ్చి సంబంధం ఖాయం చేసింది.

ఆ శనివారం సాయంత్రం పెరట్లో వరుడు, వరుడి తండ్రి, పెళ్లిపత్రం రాసే లేఖకుడు, వీధి పెద్దలు ఐదుగురు, ఇంటివాళ్లతో పాటు సిప్పోరా కూర్చున్నారు. పత్రానికి బంగారు అంచు, నడుమ పేర్లకు ఖాళీ. సబ్బాతు ముగియగానే రాయాలి, తెల్లవారి పడవ ఎక్కాలి. వరుడి తండ్రికి తొందరెక్కువ. రెండు చుక్కలు పొడవగానే, "మూడోది వస్తాది లెండి, కానివ్వండి," అన్నాడు. అదే కొంప ముంచింది. నేను తలుపు తెరుచుకుని చేతులు మారుతున్నాను, ఇంకా వెళ్లే వేళ కాని ఆత్మలు వాసన పట్టుకుని ఒక్కొక్కటే నాలోకి దిగుతున్నాయి. చివరికి సిప్పోరా చేతికి వచ్చాను. ఆమె యెమీమా వైపు చూస్తూ నా తలుపు మూసింది. కావాలని వేసిందో, దానంతటదే పడిందో నాకు నేటికీ తెలియదు. గడియ పడింది.

పదకొండు ఆత్మలు లవంగాల మధ్య ఇరుక్కుపోయాయి. బయట మూడో చుక్క పొడవలేదు. పొద్దు ఎక్కడున్నది అక్కడే ఆగింది.

మొదట్లో అందరికీ సంబరమే. పాటలు పాడారు, నిద్రపోయారు, లేచారు. ఇంకా అదే సందెవెలుగు. శుక్రవారం వండిన మాంసం కూర ఎంత తిన్నా తరగలేదు. ఏడో నిద్ర లేచేసరికి దాన్ని చూస్తేనే అందరికీ వెగటు పుట్టింది. వరుడి తండ్రి పెరట్లో గిరగిరా తిరిగాడు. నా పాట్లు చెప్పనే అక్కర్లేదు. లోపల ఆత్మలు గోడలకు తల కొట్టుకుంటున్నాయి. పదకొండు మంది ఏడుపు కడుపులో పెట్టుకుని ఉండడం ఎంత నరకమో! చెరసాలకు కూడా ఊపిరాడదని అప్పుడే తెలిసింది నాకు.

పొద్దు ఆగింది నా గడియ వల్లేనని సిప్పోరా ఒక్కతే పసిగట్టింది. నన్ను నడుముకు దోపుకుని యెమీమాతో ఊరి చివరి రాయిదాకా నడిచింది. సబ్బాతునాడు ఊరు దాటి రెండు వేల మూరలకు మించి పోకూడదు. ఆ రాయే హద్దు.

"తలుపు తీస్తే రేపొచ్చేస్తది," అంది సిప్పోరా. "రేపొస్తే నిన్ను పడవెక్కిస్తారు. నా వల్ల కాదే."

"మూసుంచి మాత్రం ఏం దక్కింది మనకి? ఈ రాయి దాకా రాడం, తిరిగిపోడం." యెమీమా ఆ రాయి మీదే కూలబడింది. "ఒక్కసారి తెల్లారాక నీ మొహం చూడాలనుంది సిప్పోరా. ఈ మసక నాకొద్దు."

సిప్పోరా చాలాసేపు ఏడ్చింది. తరువాత నన్ను తీసి ఆమె చేతిలో పెట్టింది.

యెమీమా సరాసరి నాయనమ్మ ముందు నిలబడింది. అందరూ వింటూనే ఉన్నారు.

"నాయనమ్మా, సబ్బాతునాడు కలం పట్టకూడదు గానీ నోరు విప్పొచ్చుగా. నాకీ అబ్బాయొద్దు. ఏ అబ్బాయీ వద్దు. నాకు సిప్పోరా కావాలి."

మల్కా మనవరాలిని ఎగాదిగా చూసింది. ఆ చూపుకు నాకే భయమేసింది. నాయనమ్మ అవునంటుందో కాదంటుందో తెలియకుండా తలుపు తీస్తే, పిల్ల బతుకు పడవపాలే. అది యెమీమాకూ తెలుసు. అయినా జవాబు కోసం ఆగలేదు. నాలో ఏడుస్తున్నవాళ్లు వినిపించారు కాబోలు, గడియ లాగేసింది.

ఆత్మలు బిలబిలా బయటపడ్డాయి. పెరడంతా లవంగాల వాసన. మూడో చుక్క పొడిచింది.

"రాయవయ్యా, రాయి!" అని అరిచాడు వరుడి తండ్రి.

"ఆగు బాబూ," అంది మల్కా. "పిల్ల ఒప్పుకోందే పత్రం లేదు. నేను దాన్ని అడగలేదు, తప్పు నాదే. సిప్పోరా, దూరంగా నిలబడ్డావేంటే? ఇలా రా. అయ్యా, వీళ్లిద్దరి పేర్లూ రాయండి."

లేఖకుడు బిత్తరపోయాడు. "ఇద్దరాడాళ్ల పేర్లు రాయమని ఏ పుస్తకంలోనూ లేదమ్మా!"

"ఏడు నిద్దర్ల సబ్బాతు ఏ పుస్తకంలో ఉందయ్యా? కూచుని తిన్నావుగా. రాయి."

వరుడి తండ్రి మొహం మాడ్చుకున్నాడు. వరుడు మాత్రం హాయిగా ఊపిరి తీసుకుని, "ఇహ పొయ్యి వెలిగించొచ్చాండీ?" అన్నాడు.

ఆ ఆదివారం తెల్లవారింది. యెమీమా పొద్దెక్కేదాకా సిప్పోరా మొహం చూస్తూనే కూర్చుంది. నన్ను గూట్లో పెట్టడం కూడా మరిచిపోయారు.

వాళ్లు నలభై ఏళ్లు కలిసి బతికారు. ఆ తరువాత ఎన్ని చేతులు మారానో, చివరికి ఈ మ్యూజియంలో అద్దాల పెట్టెలో తేలాను. లవంగం వాసన తగిలి ఎన్నేళ్లయిందో. పక్కనే ఆ పెళ్లిపత్రం. బంగారు అంచు కొంచెం వెలిసింది, పేర్లు చెక్కుచెదరలేదు. దాని కింద ఎవరో పండితుడు చీటీ అంటించాడు: "వరుడి పేరు రాయడంలో లేఖకుడు పొరబడినట్లు కనిపిస్తోంది."

రోజూ వచ్చినవాళ్లు అది చదివి, పాపం లేఖకుడు అనుకుంటూ వెళ్లిపోతారు. నేను అద్దం వెనక నుంచి గొంతు చించుకుంటూనే ఉన్నాను. పొరపాటు కాదు బాబూ, ఆ పేరు కోసమే ఆ పిల్ల గడియ తీసింది.