రోగం లేదన్న మాట

నిజామాబాద్ బస్టాండు వెనక ఒక ప్రైవేటు ఆస్పత్రిలో భూమవ్వ ఇరవై రెండేళ్లుగా ఆయా. డాక్టర్లు మారారు, బోర్డు మీద పేరు మారింది, భూమవ్వ మాత్రం అక్కడే ఉంది. ఆమె చక్కెర నీళ్లలో చిటికెనవేలు ముంచి పసిబిడ్డ నాలుకకు రాస్తే ఆ బిడ్డ చల్లగా బతుకుతుందని బోధన్ చెరుకు పల్లెల దాకా పేరు. నర్సులు వద్దని తిట్టేవారు, తమ ఇళ్లలో కాన్పయితే మాత్రం ఆమెనే పిలిచేవారు. మనుషులంతే.

సోమవారం పొద్దున ఆమె సొంత కూతురు నవతకు ఆ ఆస్పత్రిలోనే నెల ముందుగా కాన్పయింది. భూమవ్వ అప్పుడే మరుగుదొడ్లోంచి వచ్చి కుళాయి తిప్పబోతోంది. "భూమవ్వా, మనుమరాలు పుట్టింది, జల్ది రా!" అని కేక వినబడింది. అందరికీ సబ్బు గురించి పాఠాలు చెప్పే మనిషి, చేతులు కొంగుకు తుడుచుకుని పరుగెత్తింది. పిల్లను గాజుపెట్టెలోకి మార్చేలోపే చక్కెర నీళ్లు నాలుకకు రాసింది.

బుధవారం డాక్టర్ శ్రీవాణి పిలిచింది. అంతకు రెండు వారాల ముందు రోగుల దగ్గర, పనివాళ్ల దగ్గర పరీక్షకు మలం తీసుకున్నారు. ఆ డబ్బాల మీద వార్డంతా వారం రోజులు నవ్వుకున్నారు.

"భూమవ్వా, నీ పేగులల్ల మందులకు లొంగని క్రిములున్నయ్. నీకేం రోగం లేదు, భయపడకు. ఇంకో ఏడుగురికి గూడ ఉన్నయ్. కానీ చేతులకంటి పసిపిల్లల లోపలికి పోతె పానం మీదికొస్తది. ఈ మధ్య ఏ పిల్ల నోట్లనన్న వేలు పెట్టినవా?"

పెట్టానంటే కొలువు పోతుంది. అంతకంటే, వియ్యపురాలు శ్యామలమ్మకు తెలిస్తే రోగిష్టి ఇంటి పిల్లను తెచ్చుకున్నామని నవతను జన్మంతా దెప్పుతుంది. రోగం లేదని డాక్టరమ్మే అంది కదా, లేని రోగం గురించి చెప్పేదేముంది?

"లేదు మేడం" అంది.

ఆ సాయంత్రమే పిల్లకు జ్వరం తగిలింది. మామూలుగా ఇచ్చే సూదులే ఇచ్చారు. రక్త పరీక్ష తేలడానికి రెండు రోజులు పడుతుందన్నారు. భూమవ్వ నాలుగుసార్లు డాక్టరమ్మ గది దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఎల్లమ్మకు మొక్కుకుంది. మొక్కడానికి వచ్చిన నోరు చెప్పడానికి రాలేదు.

శుక్రవారం రిపోర్టు వచ్చింది. అవే క్రిములు. మందు మార్చారు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. శనివారం పిల్ల పోయింది. ఇంకా పేరైనా పెట్టలేదు. అల్లుడు నాగేందర్ తువ్వాలలో చుట్టి తీసుకెళ్లాడు. ఎక్కడి నుంచి అంటిందో చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆ మాటతో నవత ఊరుకుంది. భూమవ్వకు మాత్రం ముద్ద దిగలేదు.

మంగళవారం మధ్యాహ్నం తల్లి ఇంట్లో నవత మంచం మీద పడుకుని ఉంది. తాగే బిడ్డ లేక పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతున్నాయి. భూమవ్వ తడిగుడ్డ పిండుతూ, ఇక ఆపుకోలేక చెప్పేసింది.

"బిడ్డా, గా పురుగు నా కడుపులనే ఉండె. నా వేలుతోనే పోయిందేమో."

నవత మోచేతి మీద పైకి లేచింది.

"వేలు పెట్టినప్పుడు నీకెర్కనా అవ్వా?"

"నీ మీద ఒట్టు, ఎర్కలేదు."

"మరెప్పుడెర్కైంది?"

"బుధవారం."

బుధవారం, గురువారం, శుక్రవారం. నవత పెదవులు కదిలాయి.

"గప్పుడే చెప్తె, గా మందు బుధవారమే ఇస్తుండె గదా?"

"నాకు రోగం లేదన్నది బిడ్డా..." అంది భూమవ్వ. ఆ మాట తన చెవులకే రోతగా వినిపించింది. ఏడుపు పొంగుకొచ్చి ఒంగి గుడ్డ వేయబోయింది.

నవత చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇటియ్యి. నేనే ఏసుకుంట."