పదకొండో సీసా

సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో పదేళ్ళు దాటిన మగపిల్లవాడికి మూత్రం ఎర్రబడకపోతే తల్లులు దిగులుపడేవారు. తిసుంగే అందరికంటే ఎక్కువ దిగులుపడింది. ఆమెకు దిగులుపడడానికి కారణం వెతుక్కోవలసిన పని ఎప్పుడూ ఉండేది కాదు. గాలి వీస్తే పైకప్పు గడ్డి ఎగిరిపోతుందని, వీయకపోతే దోమలు కమ్ముతాయని, కొడుకు గట్టిగా నవ్వితే పొలమారుతుందని, నవ్వకపోతే జ్వరం లోపల దాక్కుందేమోనని. ఈసారి మాత్రం కారణం ఎదురుగానే ఉంది. కొడుకు లింబానికి పదకొండేళ్ళు నిండాయి. ఈడు పిల్లలంతా తమకు ఎరుపు మొదలైందని గొప్పలు చెప్పుకుంటుంటే వాడు తల దించుకుని ఇంటికి వస్తున్నాడు.

"మీవాడింకా పాలపిల్లాడే లింబాని అమ్మా," అని పక్కింటి ఎనెలెసి వెక్కిరించింది. "మా జికోమోకి కిందటి వానలప్పుడే మొదలైంది. వాళ్ళ నాన్న కోడిని కోశాడు తెలుసా?"

"తెలుసులే. ఆ కోడి కూర నువ్వు మాకు పెట్టలేదన్నదీ తెలుసు."

పైకి అలా అన్నది గానీ ఆ రోజంతా ఆమె నిసిమా అనే మక్కపిండి ముద్ద ముట్టనే లేదు. తప్పంతా తనదేనని ఆమెకు తెలుసు. మొసలి భయంతో, అలల భయంతో ఆమె కొడుకును సరస్సులో కాలు పెట్టనిచ్చేది కాదు. మైలు దూరంలో చర్చి దగ్గరి చేతిపంపు నుంచి తలమీద నీళ్ళు మోసుకొచ్చి, వాకిట్లో తడిక చాటున వాడికి స్నానం పోసేది. పడవల మీద పనిచేసే భర్త వారానికోసారి ఇంటికి వచ్చినప్పుడల్లా, "గంప కింద కోడిపిల్లలా దాస్తే వాడు మగాడెప్పుడవుతాడే?" అనేవాడు. నిజంగానే కాడేమో. పెళ్ళి కాదేమో. పిల్లలు పుట్టరేమో. తను పోయాక వాడికి ముద్ద వండిపెట్టే దిక్కు ఉండదేమో. పదకొండేళ్ళ పిల్లవాడి గురించి ఆమె అంతదూరం వెళ్ళిపోయేది.

ఫిలిదా సీసాలు పంచడానికి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఫిలిదా ఆ ఊరికీ చుట్టుపక్కల ఏడు ఊళ్ళకీ ఆరోగ్య కార్యకర్త. మనిషి పొట్టి, గొంతు పెద్దది. సైకిలు వెనక చెక్కపెట్టె కట్టుకుని ఇసుక బాటలో సగం తొక్కుతూ సగం తోసుకుంటూ వచ్చేది. ఎవరింటికి వెళ్ళినా ముందు చాటో రోకలో అందుకుని, పని చేస్తూనే ప్రశ్నలు అడిగేది. ఆ ప్రశ్నలు వినడానికే ఆడవాళ్ళు చేరేవారు.

"నిన్న మీవాడు ఎక్కడ స్నానం చేశాడు?"

"నిన్నే ఎందుకు డాక్టరమ్మా? రోజూ అడగొచ్చుగా."

"రోజూ ఏం చేస్తారంటే అందరూ మంచివాళ్ళే. నిన్న ఏం చేశారంటే నిజం వస్తుంది."

తిసుంగే ఇంట్లో ఆమె మక్కలు ఒలుస్తూ కూర్చుంది. నీళ్ళు ఎక్కడివి, ఎంతసేపు, ఎన్నిసార్లు, బట్టలు ఎవరు ఉతుకుతారు, వల సర్దడానికి పిల్లవాడు వెళ్తాడా, అన్నీ అడిగింది. తిసుంగే ఒక్క అబద్ధమూ చెప్పలేదు. కొడుకు కాలు సరస్సులో తడవలేదని చెబుతుంటే, అన్నేళ్ళ తన కష్టాన్ని మొదటిసారి ఎవరో శ్రద్ధగా రాసుకుంటున్నట్టు అనిపించింది. ఫిలిదా రాయడం ఆపి, "ఒక్కరోజు కూడా?" అంది.

"ఒక్కరోజు కూడా."

"అంతదూరం నుంచి రోజుకెన్ని బిందెలు?"

"మూడు. వేసవిలో నాలుగు."

"నా వల్ల కాదమ్మా," అంది ఫిలిదా, మనస్ఫూర్తిగా. తరవాత నెంబరు రాసిన సీసా ఒకటి చేతికిచ్చి, మిట్టమధ్యాహ్నం పిల్లవాణ్ణి కాసేపు గెంతించి మూత్రం పట్టి ఉంచమని, రెండు గంటలకు వస్తానని చెప్పి వెళ్ళింది.

సీసా చేతిలోకి వచ్చాక తిసుంగే దిగులు ఇంకా దూరం పరిగెత్తింది. రేపోమాపో ఊరి పెద్ద ముందు సీసాలన్నీ వరసగా పెడతారు. అన్నిట్లో ఎరుపు, తన కొడుకుదొక్కటి తెల్లగా. నెంబరుంది గదా, ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. గోడ పక్కన గోలీలాడుతున్న జికోమోను పిలిచి, అప్పుడే నూనెలోంచి తీసిన మందాసి బొండాలు రెండు చేతిలో పెట్టింది.

"ఇంకో సీసా నింపాలి నువ్వు. ఎవరికీ చెప్పకు."

"రెండు చాలవు అత్తా. నాలుగియ్యి."

"పొట్ట పగులుతుందిరా!"

"పగలదు. నాలుగు."

నాలుగిచ్చింది. వాడు తడిక వెనక నుంచి తిరిగొచ్చినప్పుడు ముఖం చిట్లించి పొత్తికడుపు పట్టుకుని ఉన్నాడు. "మంటగా ఉంటుందిలే అత్తా, అలవాటే," అని మందాసి కొరుక్కుంటూ పోయాడు. సీసాలో ఎరుపు చూసి తిసుంగే ఊపిరి పీల్చుకుంది.

నాలుగు రోజులకు ఊరి పెద్ద కలెంబో వాకిట్లో అందరూ కూడారు. ఫిలిదా ఎండలో నిలబడి, నేలమీద రెండు చాపలు పరిచింది. సరస్సులో దిగే పిల్లలు యాభై ముగ్గురు. ఒక్కొక్కరికి ఒక గవ్వ చొప్పున ఒక చాపమీద పోసింది. అందులో నలభై తొమ్మిది ఎర్రరంగు పూసినవి. దిగని పిల్లలు పదకొండుమంది. రెండో చాపమీద పదకొండు గవ్వలు పెట్టింది.

"దీన్ని మీరు మగతనం అంటారు. మేము లికోద్జో జబ్బు అంటాం. రెల్లు మొలిచిన మూల నీళ్ళలో నత్తలున్నాయి. నత్తలోంచి కంటికి కనబడని పురుగు బయటికొచ్చి పిల్లవాడి చర్మంలోంచి లోపలికి పోతుంది. లోపల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు కోస్తే వచ్చే నెత్తురే ఈ ఎరుపు. పిల్లవాడు ఒడ్డున మూత్రానికి కూర్చుంటే ఆ గుడ్లు మళ్ళీ నత్తల దగ్గరికే చేరతాయి. ఇరవై ఏళ్ళు ఇలాగే వదిలేస్తే మూత్రాశయం రాయిలా గట్టిపడుతుంది. ఆడపిల్లలకూ వస్తుంది, వాళ్ళకు లోపల పుళ్ళవుతాయి, చెప్పుకోరు అంతే. సరస్సు మానమని నేననను, మన తిండే అక్కడిది. ఆ మూల వదిలేయండి, ఒడ్డున కూర్చోవడం మానండి, పిల్లలందరికీ మాత్రలు వేయనివ్వండి."

కలెంబో కర్రమీద గడ్డం ఆనించి విన్నాడు. మంచి మనిషే గానీ, నచ్చని మాటకు తలూపే అలవాటు లేదు.

"మా తాతకు వచ్చింది, మా నాన్నకు వచ్చింది, నాకు వచ్చింది. తొమ్మిదిమంది పిల్లల్ని కన్నాను. మగతనానికి మందేస్తానంటావేమిటమ్మా నువ్వు?" జనం నవ్వారు. ఆయన కర్రతో రెండో చాప చూపించాడు. "సరస్సు వల్లే వస్తే, ఆ పదకొండులో ఒకటి ఎర్రగా ఎందుకుంది?"

ఫిలిదా ఆ గవ్వను దాచలేదు. దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. అదే ముందు వరసలో పెట్టింది.

"అది లింబానిది," అంది.

"తిసుంగే కొడుకా?" కలెంబో తొడ చరుచుకున్నాడు. "సరస్సు మీంచి వచ్చే గాలి తగిలినా ఒళ్ళు తుడుస్తుందే, ఆవిడ కొడుకేనా? వాడికీ వచ్చిందంటే ఇంకేం కావాలి! నీళ్ళూ లేవు, నత్తలూ లేవు. ఈడు వస్తే అదే వస్తుంది."

మగవాళ్ళు లేచి దుమ్ము దులుపుకున్నారు. ఫిలిదా బుకాయించలేదు. "మీ మాట న్యాయమే పెద్దాయనా," అంది. "నా లెక్కకు అది అడ్డుపడింది. ఎందుకో నాకు తెలియదు. వచ్చే నెల మళ్ళీ అందరినీ అడిగి, మళ్ళీ సీసాలు..."

"ఇంక సీసాలు వద్దు. మాత్రలూ వద్దు."

తిసుంగే ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఇదంతా చూస్తోంది. ఇల్లిల్లూ తిరిగి, అరవై నాలుగుసార్లు అవే ప్రశ్నలు విసుక్కోకుండా అడిగిన మనిషి, తను పెట్టిన ఒక్క సీసా వల్ల నోరు మూసుకుని చాప చుడుతోంది. ఎదురుగా కొడుకు. ఊరంతా వాడి పేరు పలికినందుకు ఇప్పుడే మొదటిసారి వాడు తలెత్తి కూర్చున్నాడు. ఇప్పుడు నోరు విప్పితే వాడి తల మళ్ళీ వాలుతుంది, ఈసారి జన్మలో లేవదు. విప్పకపోతే? ఆమె కళ్ళు జికోమో మీద పడ్డాయి. వాడు గుంజకు ఆనుకుని పొత్తికడుపు నొక్కుకుంటున్నాడు. రాయిలా గట్టిపడుతుంది అన్న మాట ఆమె చెవిలోంచి పోవడంలేదు. తన పిల్లవాడి గురించి అయితే ముప్ఫైఏళ్ళ ముందు సంగతి కూడా ఊహించుకుని ఏడ్చే మనిషి, పక్కింటి పిల్లవాడి గురించి ఆ ముప్ఫైఏళ్ళు ఇప్పుడే చూసింది.

"ఆగండి!" అని లేచి నిలబడింది. "ఆ సీసా మావాడిది కాదు."

లేచిన మగవాళ్ళు వెనక్కి తిరిగారు.

"జికోమోది. మందాసి పెట్టి నేనే నింపించాను. మావాడికి తెలియదు. మావాడిది... మావాడిది నీళ్ళలా ఉంటుంది."

"ఒసేయ్ తిసుంగే!" ఎనెలెసి చివ్వున లేచింది. "నా బిడ్డ ఉచ్చ మందాసిలకు కొన్నావా?"

"కొన్నానే. తిట్టు. తరవాత తిట్టు, ముందు వాడికి మాత్రలు వేయించు."

లింబాని తల వాలిపోయింది. ఒకరిద్దరు పిల్లలు కిసుక్కుమన్నారు. కలెంబో మాత్రం నవ్వలేదు. "అప్పుడు అబద్ధం చెప్పినదానివి, ఇప్పుడు నిజం చెబుతున్నావని నమ్మేదెలా?"

ఫిలిదా చుట్టిన చాప కింద పడేసింది. "ఆవిడ మాటా నమ్మొద్దు, నా మాటా నమ్మొద్దు పెద్దాయనా. పిల్లవాడిక్కడే ఉన్నాడు, మధ్యాహ్నమూ అయింది. సీసా మీ చేత్తో మీరే ఇవ్వండి."

కలెంబో తానే సీసా ఇచ్చాడు. లింబాని లేవలేదు. తిసుంగే దగ్గరికి వెళ్ళబోతే ఫిలిదా చెయ్యి అడ్డుపెట్టి, తానే వాడి ముందు మోకాళ్ళమీద కూర్చుంది.

"బాబూ, అరవై నాలుగుమందిలో ఈ పని నువ్వు చేస్తేనే అవుతుంది. ఇంకెవరు చేసినా కాదు. ఇష్టం లేకపోతే మానెయ్, నేనేమీ అనుకోను."

వాడు లేచి, ఎవరూ చెప్పకుండానే ఊరంతటి ఎదుటా గెంతడం మొదలుపెట్టాడు. నవ్విన పిల్లలు కూడా లెక్కపెట్టడంలో పడ్డారు. ముప్ఫై గెంతులు గెంతి, తడిక వెనక్కి వెళ్ళి, సీసా తెచ్చి నేరుగా కలెంబో చేతిలో పెట్టాడు. ఫిలిదా అందులో ముంచిన, నెత్తురుంటే రంగు మారే కాగితం ముక్క పసుపుపచ్చగానే ఉండిపోయింది. జికోమో అప్పటికప్పుడు నింపిన సీసాలో ముంచింది చూస్తుండగానే ఆకుపచ్చగా మారింది. కలెంబో రెండు ముక్కలూ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. మనవణ్ణి పిలిచి వాడిదీ చూడమన్నాడు. వాడిదీ ఆకుపచ్చే.

"ఏం చేస్తూ పెంచావు వీణ్ణి?" అని తిసుంగేను అడిగాడు, గొంతు తగ్గించి.

ఆమె బదులు ఫిలిదా చెప్పింది. "రోజుకు మూడు బిందెలు పెద్దాయనా. మైలు దూరం నుంచి. వేసవిలో నాలుగు. మనం ఇన్నాళ్ళూ ఈవిడను చూసి నవ్వాం."

"చేతిపంపు ఇక్కడే ఉంటే?"

"అప్పుడు అందరికీ ఈవిడంత బలం అక్కర్లేదు. అర్జీ మీరు రాస్తే నేను సైకిలు మీద తీసుకెళ్తాను."

కలెంబో మనవణ్ణి భుజం పట్టుకుని, మాత్రల లెక్కకు ఎత్తు కొలిచే కర్ర దగ్గరికి తానే నడిపించాడు. వెనకాల వరస మొదలైంది. ఖాళీ కడుపుతో మింగకూడదని ఫిలిదా అరుస్తుంటే ఆడవాళ్ళు ఇళ్ళకు పరిగెత్తి నిసిమా, ఉసిపా చేపల పులుసు మోసుకొచ్చారు. జికోమో ఎత్తుకు మూడు మాత్రలు పడ్డాయి. అంత లావు మాత్రలు చూసి తిసుంగేకు మళ్ళీ దిగులు పట్టుకుంది. గొంతుకు అడ్డం పడతాయేమో, వాంతి అవుతుందేమో, కళ్ళు తిరుగుతాయేమో. వాడి పక్కన చేరి, "నీళ్ళు తాగరా, ఇంకొంచెం, దిగిందా, నోరు తెరువు," అంటూ కూర్చుంది.

ఎనెలెసి అప్పటిదాకా ఆమెతో మాట్లాడలేదు. గిన్నె అక్కడ పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"వాడికి తల్లిని నేనున్నాను. ఇంకెంతసేపు చూస్తావు వాడి నోట్లోకి?"

"మూడోది దిగేదాకా," అంది తిసుంగే.

ఎనెలెసి నడుం మీది చేతులు తీసి, "జరుగు," అని ఆమె పక్కనే చతికిలబడింది.