అన్నీ కిరాయిలనే

లింబాద్రి గుడ్డలోంచి టీ వడబోస్తూ ఉండగానే చేతి పట్టు సడలింది. గిన్నె బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఆనించి ఊపిరి తీసుకున్నాడు. కామారెడ్డి బస్టాండు ఎదుటి ఆ హోటల్లో అతను టీ కాచడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. పొట్టి మనిషి. పొయ్యి సెగకు కనుబొమలు పలచబడ్డాయి, ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. టీలో అల్లం ఎక్కువ, నోట్లో మాట తక్కువ అని గిరాకీలు ఆటపట్టిస్తారు. అతను నవ్వి ఇంకో గ్లాసు నింపుతాడు. అంతకు మించి అతని గురించి ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు కూడా.

గుండె బాగా బలహీనపడిందని డాక్టరు ముందే చెప్పాడు. ఈ రోజు పాదాలు చెప్పుల్లో పట్టలేదు. లింబాద్రికి సంగతి అర్థమైంది. "ఊరికి పోయొస్త సేట్" అని యజమాని యాకూబుతో చెప్పి, పొయ్యి తగ్గించి ఇంటికి నడిచాడు.

ఇల్లంటే లిదియమ్మ ఇంటి వెనక ఒంటిగది. ఆమె రిటైరైన నర్సు. గది ఇచ్చిన రోజే చెప్పింది: "మీటరు లెక్కలు నాతోని కావు లింబాద్రన్నా. లైటేసుకో, ఫ్యానేసుకో, నీళ్లు కావల్సినన్ని పట్టుకో. అన్నీ కిరాయిలనే." అయినా అతను ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయడు. ఆమె కిటికీలోంచి చూసి, "ఉడికిపోతవ్, ఏసుకోరాదు!" అని కేకలేస్తుంది. అతను వేస్తాడు. ఆమె అటు పోగానే తీసేస్తాడు.

అన్నీ కిరాయిలోనే, నిజమే. చావు సంగతి మాత్రం ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. ఎట్లా అడుగుతాడు? అంతకుముందున్న ఇంట్లో, భార్య చిన్నవ్వ ఆసుపత్రిలో పోతే, ఇంటాయన శవాన్ని గడప తొక్కనివ్వలేదు. కిరాయిదారు శవం వస్తే ఇంటికి అరిష్టమట, నెలల తరబడి తాళం వేసుకోవాలట. సన్నటి వానలో, వీధి మురుగు మోరీ పక్కన, టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. ఆమె ముఖం మీద పడే చినుకుల్ని లింబాద్రి అరచేత్తో తుడుస్తూ కూర్చున్నాడు. ఆ అవమానం అతన్ని ఇంకా వదల్లేదు. మళ్లీ రోడ్డు మీద పడకూడదు. తన వల్ల లిదియమ్మకు కష్టమూ రాకూడదు. ఎల్లారెడ్డిలో తమ్ముడు మల్లన్నకు సొంతంగా రెండు రేకుల గదులున్నాయి. ప్రాణం ఉండగానే అక్కడికి చేరాలి.

గది తలుపేసుకుని చాలాసేపు ఏదో సర్దుకున్నాడు. సంచితో బయటకొచ్చేసరికి లిదియమ్మ మెట్ల మీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఏంది, గిప్పుడు ప్రయాణం? కాళ్లు గట్ల వాచినయేంది?"

లింబాద్రి లుంగీ కిందికి లాక్కున్నాడు. "నిలవడి నిలవడి వాచినయ్ నర్సమ్మా. తమ్మునింటికి పోతున్న."

"ఎప్పుడొస్తవ్?"

"సూద్దాం." తాళంచెవి ఆమె పక్కన పెట్టాడు.

"నీ దగ్గర్నే పెట్టుకోరాదు."

"యాడనన్న పారేస్తనమ్మా."

ఆమె ఇంకేదో అడగబోయింది. అతను అప్పటికే గేటు దాటాడు.

ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. తమ్ముడికి ఫోన్ చేసి, సంచి ఒళ్లో పెట్టుకుని తల వెనక్కి వాల్చాడు. నిద్రపోతున్నాడనే కండక్టరమ్మ అనుకుంది. ఎల్లారెడ్డిలో అందరూ దిగాక వచ్చి భుజం తట్టింది. అతను లేవలేదు.

దహనం అయ్యాక మల్లన్న కామారెడ్డి వచ్చి లిదియమ్మకు కబురు చెప్పాడు.

"గంత రోగంతోని ఎందుకు పోయిండయ్యా?" అంది ఆమె.

"బస్సులకెల్లి ఫోన్ జేసిండమ్మా. 'కిరాయింట్ల పానం పోతే ఆ తల్లికి తిప్పలయితది, నీ ఇంటికొస్తున్న' అన్నడు." మల్లన్న భుజం మీది తువ్వాల తీసి చేతుల్లో మడిచాడు. "వస్తడని వాకిట్ల మంచమేసిన."

లిదియమ్మ మెట్టు మీద కూర్చుంది. "నన్నొక్క మాట అడగకపాయె. మా ఆయన పానం గా గదిలనే పోయింది. తెలిస్తే ఎవరు కిరాయికి రారని నేనెవ్వరికి చెప్పలే. లింబాద్రన్నకు గూడ చెప్పలే."

కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. చెప్పివుంటే అతను వెళ్లేవాడు కాదు. అది ఇద్దరికీ తెలుసు.

కాసేపటికి లేచి తాళం తీసింది. గచ్చు మీద ఒక్క మరక లేదు. కిటికీ ఊచకు గది తుడిచిన గుడ్డ, అతని పాత లుంగీలో సగం, గట్టిగా పిండి ఆరేసి ఉంది.