తిప్పి పంపిన కొరమీను

మెయిలు ఏలూరులో ఆగేసరికి కృపానందానికి ఒళ్ళంతా బొగ్గునుసి, కళ్ళనిండా నిద్ర. మిషన్ స్కూల్లో ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి ఏనాడూ ఇంత అలిసిపోలేదు. బడిలో పిల్లలు వినకపోతే బెత్తం ఉండేది. మద్రాసు శాసనసభలో వినకపోతే ఎవడేం చేస్తాడు? సగంమంది కునికిపాట్లు పడతారు, మిగతా సగం తమ వంతు ఎప్పుడొస్తుందా అని కాచుక్కూర్చుంటారు. మంత్రిగారి దర్శనం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ వరండాలో బల్లమీద కూర్చుని కూర్చుని కృపానందానికి నడుం పట్టేసింది.

అయినా ఈసారి ఉత్త చేతులతో రాలేదు. కొల్లేటి జాలర్ల దడులు నిలబెట్టి వస్తున్నాడు.

నిజానికి ఆ జాలర్లు అతనికి ఓటేసినవాళ్ళు కారు. అతను నెగ్గింది క్రైస్తవులకి విడిగా కేటాయించిన స్థానం నుంచి. జాలర్లకి అసలు ఓట్లే లేవు. శిస్తు కట్టే భూమి ఉంటే గదా ఓటు! ఆ ప్రాంతపు సభ్యుడికేమో కొల్లేటి అంచున వరిచేలున్నాయి. జాలర్లు కాలవలకి అడ్డంగా కట్టే వెదురు దడుల వల్ల నీరు ఎగదన్ని చేలు మునుగుతున్నాయని రైతులు మొరపెట్టుకుంటే, దసరాలోగా దడులన్నీ పీకెయ్యమని ఉత్తరువు పుట్టింది. దడి లేకపోతే చేప ఆగదు. చేప ఆగకపోతే లంకలో పొయ్యి వెలగదు. ఆ మాట చెప్పుకోవడానికి మండవల్లి అవతల లంక నుంచి పెద్దింటమ్మ అనే ముసలామె, కొడుకు రామయ్యని వెంటబెట్టుకుని కృపానందం గుమ్మంలోకి వచ్చింది. ప్రయత్నం చేస్తానన్నాడు.

శ్రావణంలో మద్రాసు బయల్దేరేముందు రామయ్య ఒక్కడే మళ్ళీ వచ్చాడు. నెత్తిమీద కుండ, కుండలో నీళ్ళు, నీళ్ళలో చెయ్యంత కొరమీను, బతికున్నది.

"కొత్తవలలో పడ్డ మొదటి చేపండీ. అమ్మ మీకిచ్చి రమ్మందండీ."

కృపానందం వెనక్కి జరిగాడు. సభ్యులు కానుకలు మరిగారని అప్పటికే ఊళ్ళో గుసగుసలు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది అతని పద్ధతి.

"వద్దు రామయ్యా. పట్టుకెళ్ళిపో."

"పుచ్చుకోండీ, పాపం అంతదూరం నుంచి మోసుకొచ్చాడు" అంది భార్య హన్నమ్మ లోపల్నుంచి.

"నువ్వూరుకో" అన్నాడు. రామయ్య దణ్ణం పెట్టి, కుండ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. తన నిజాయితీకి కృపానందం ఆ రోజంతా లోలోపల మురిసిపోయాడు కూడాను.

మద్రాసులో బతిమాలి, వాదించి, ఒక రాజీ సాధించాడు. ఉన్న దడులు ఉన్నట్టే ఉండొచ్చు. కొత్తవి మాత్రం కట్టరాదు. ఈ ఒక్క మాటకోసం ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాడో ఆ దేవుడికే తెలియాలి.

ఇంటికెళ్ళి స్నానం చేసి పడుకుంటే బాగుండేది. కానీ దసరా ముంచుకొస్తోంది. తనే స్వయంగా చెప్పాలన్న ముచ్చట కూడా ఉంది, కాదనడమెందుకు! స్టేషన్ నుంచే బండి కట్టించుకుని, కొల్లేటి గట్టున దోనె ఎక్కాడు.

దోనె లంక దగ్గరికి వచ్చేకొద్దీ ఏదో తేడాగా అనిపించింది. కాలవ అడ్డూ ఆపూ లేకుండా సాగిపోతోంది. ఒడ్డున ఒక్క వలా ఆరేసి లేదు. గుడిసెలు చాలావాటికి తలుపు తడికలు కట్టేసున్నాయి. పెద్దింటమ్మ ఒక్కతే చూరుకింద కూర్చుని విరిగిన వెదుళ్ళు పొయ్యిలోకి చీలుస్తోంది.

"పెద్దమ్మా! దడులు ఉంచుకోవచ్చు. ఉత్తరువు మార్పించాను."

ఆమె కత్తి పక్కన పెట్టి లేచి దణ్ణం పెట్టింది. "పీకేశాం గదండీ, బాబూ."

"అదేమిటి? ఇంకా గడువుందిగా!"

"రైతులొచ్చి, మీ అంతట మీరు పీకేస్తే తాడేపల్లిగూడెం రైసుమిల్లులో పని ఇప్పిస్తామన్నారండి. మా రామయ్యా, అందరూ పెళ్ళాం పిల్లల్తో అక్కడికే పోయారు."

"నేను మాటాడతానన్నాను గదా! నా కోసం ఆగలేకపోయారా?" కృపానందానికి నిజంగానే కోపం వచ్చింది.

"మీరు చేప తిప్పి పంపేశారు గదండీ." ముసలామె మాటలో నిష్ఠూరం లేదు. "కొత్తవల మొదటి చేప పుచ్చుకున్నాయన మా బరువు నెత్తినేసుకున్నట్టండి. వద్దన్నాయన తన వల్ల కాదన్నట్టు. మా తాతలనాటి నుంచీ అంతేనండి. పెద్దమనిషి, కాదని నోటితో చెప్పలేక చేపతో చెప్పారనుకున్నాం. ఆశపెట్టి తిప్పకుండా ముందే చెప్పేశారు, మంచాయన అనుకున్నామండి."

కృపానందం అక్కడే నేలమీద కూలబడ్డాడు. తిట్టినా బాగుండేది. మంచాయన అంది! మద్రాసు వరండాల అలసటంతా ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. ఉన్న దడులు ఉండొచ్చని ఉత్తరువు తెచ్చాడు, ఉన్నదొక్కటీ లేదు. కొత్తవి కట్టరాదని ఒప్పుకుని వచ్చినవాడూ తనే.

"మళ్ళీ కట్టుకోవచ్చాండీ?" అంది పెద్దింటమ్మ, అతని మొహం చూసి మెల్లిగా.

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె లోపలికెళ్ళి చిప్పలో గంజి తెచ్చి ముందు పెట్టింది. "చేపేమీ లేదు. ఉప్పేసుకుని తాగండి బాబూ, మొహం పీక్కుపోయింది."

ఈసారి వద్దనలేదు. రెండు చేతులా అందుకుని తాగాడు. తాగి, ఎందుకడుగుతున్నాడో తనకే తెలియకుండా అడిగాడు.

"ఆ కొరమీనుని ఏం చేశారు పెద్దమ్మా?"

"తిరిగొచ్చిన చేప మేం తినకూడదండి. ఆ కాలవలోనే వదిలేశాం." ఆమె నీళ్ళవైపు చూసింది. "ఎటో పోయుంటుందండి. దడి లేదు గదా."