ఒళ్ళు చేసింది

కుట్టు షెడ్డులో నన్నందరూ పుల్ల అనే పిలిచేవారు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి కాలర్లు కుట్టడానికి చేరిన రోజు పెట్టిన పేరది. కడుపొచ్చినా ఆ పేరు పోలేదు. అందుకే ఏడో నెల దాటేసరికి నా బుగ్గలు నిండి, ఉంగరం వేలికి బిగుసుకుపోతే మా అత్తయ్య సంతోషం పట్టలేకపోయింది. ఎదురింటావిడను పిలిచి మరీ నా చెయ్యి చూపించింది.

"చూశావా, నా చేతి తిండికి ఎలా ఒళ్ళు చేసిందో. పుట్టింట్లో దీనికి గాలి పెట్టి పెంచినట్టున్నారు."

నేనూ నవ్వాను. జన్మలో మొదటిసారి నన్ను చూసి ఒకరు నిండుగా ఉన్నావన్నారు మరి.

కానీ సాయంత్రానికి కాళ్ళు చెప్పుల్లో పట్టేవి కావు. మాత్ర వేసినా తలపోటు తగ్గేది కాదు. సూదిలోకి దారం ఎక్కించబోతే కళ్ళ ముందు మెరుపు చుక్కలు. మా ఆయనతో చెబితే, నీకు భయమే ఒక జబ్బు అన్నాడు. బిడ్డ కదిలితే ఎందుకు కదిలిందంటావు, కదలకపోతే ఎందుకు కదల్లేదంటావు అని ఎగతాళి చేశాడు. అదీ నిజమే. అంతకుముందు అలాంటి భయాలతోనే ఆసుపత్రికి పరిగెత్తి, నర్సమ్మ దగ్గర నవ్వులపాలై వచ్చాను.

అయినా బిడ్డకేమైనా అవుతుందేమోనని మళ్ళీ వెళ్ళాను. అత్తయ్య తోడొచ్చింది. బీపీ మిషను పట్టీ చిరిగిపోయిందట, ఇంకోటి తాళం వేసిన డాక్టరమ్మ గదిలో ఉందట. నర్సమ్మ బరువు ఒక్కటే చూసింది. నేను తలనొప్పి సంగతి ఎత్తేలోపే అత్తయ్య అందుకుంది, బాగా ఒళ్ళు చేసిందమ్మా అని. నర్సమ్మ కూడా మెచ్చుకోలుగా తలూపింది. నేను మధ్యలో దూరి తలపోటు, మెరుపులు అన్నీ చెప్పాను.

"ఎక్కువ ఆలోచిస్తే తలనొప్పి రాక ఏమొస్తుంది? బరువు పెరిగింది, ఇంకేం కావాలి నీకు?" అంది నర్సమ్మ.

ఆ వారం తిరక్కుండానే షెడ్డులో మిషను పక్కన పడిపోయాను. పళ్ళు గిట్టకరిచి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నానట. నాకు గుర్తులేదు. మెలకువ వచ్చేసరికి పెద్దాసుపత్రిలో ఉన్నాను. వేలికి ఉంగరం లేదు, కోసి తీశారు. కడుపులో బిడ్డ లేదు, అదీ కోసే తీశారు. నెలలు నిండని ఆడపిల్ల, అద్దాల పెట్టెలో, ముక్కులో గొట్టంతో ఉందని చెప్పారు.

అక్కడి డాక్టరమ్మ నా మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి తీసింది. పిండిలో పడినట్టు గుంట పడి, అలాగే ఉండిపోయింది.

"ఇది ఒళ్ళు కాదమ్మా, నీరు. బీపీ పెరిగితే ఇలాగే ఒంట్లో చేరుతుంది. కండైతే నొక్కగానే మళ్ళీ లేస్తుంది. తలపోటు, కళ్ళ ముందు మెరుపులు ఉండే ఉంటాయి. ఎవరికీ చెప్పలేదా?"

అత్తయ్య ఫ్లాస్కు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"అందరికీ చెప్పానండీ," అన్నాను.

నీరంతా దిగి మళ్ళీ పుల్లనయ్యాను. చూడవచ్చిన వాళ్ళందరికీ వరండాలో అత్తయ్య ఒకటే మాట చెప్పేది, భయపడీ భయపడీ తెచ్చుకుందని. మా ఆయన కాదనలేదు. నేను తలపోటని మొత్తుకున్నప్పుడు ఒక్క భయమూ లేకుండా హాయిగా ఉన్నది వాళ్ళే. పాపం మాత్రం నా భయానిదైంది.

గొట్టం తీసి, పాపకు కాస్త బరువొచ్చాక ఇంటికి పంపారు. ఎదురింటావిడ ఒళ్ళో వేసుకుని బుగ్గ గిల్లింది.

"ఫరవాలేదే, ఒళ్ళు చేసింది."

అత్తయ్య మురిసిపోయింది. నేను పాపను తీసుకుని లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. గుడ్డ విప్పి, చిన్ని పాదం మీద బొటనవేలితో మెల్లగా నొక్కాను. లేచింది. నమ్మకం చాలక కొంచెం గట్టిగా నొక్కాను. పాప ఏడ్చింది.

పసిదాన్ని ఎందుకేడిపిస్తున్నావని అత్తయ్య బయటినుంచి అడిగింది.

నేను రెండో పాదం పట్టుకున్నాను.