పదకొండో బండి

పాయింట్లాయన పంపు మూత విప్పి, మందపాటి కాగితం ముక్కను రెండు చిన్న బిళ్లల మధ్య దూర్చి మెల్లగా లాగాడు. కాగితం మీద నల్లటి చార పడింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇలా లాగుతూనే ఉన్నాడు. కుడి బొటనవేలి గోరు కింది నలుపు సబ్బుకు లొంగడం ఎప్పుడో మానేసింది.

షెడ్డులో పదకొండు పాతకాలపు కార్లు. ఒక్కోదానిలో టాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు తోడే కరెంటు పంపు. అందులో పాయింట్లు అనే రెండు బిళ్లలు టిక్కుటిక్కుమంటూ కలుస్తాయి, విడిపోతాయి. విడిపోయినప్పుడల్లా ఓ నీలి నిప్పురవ్వ. ఆ రవ్వే బిళ్లల్ని కాల్చి బండిని నడిరోడ్డున నిలబెడుతుంది. ఇన్నేళ్లూ అతనికి అన్నం పెట్టిందీ ఆ రవ్వే.

అన్నం తిని ఊరుకున్నాడా? పనితనం ఉంటే చాలదు, దాన్ని దాచుకునే తెలివీ ఉండాలి. రేడియోలు బాగుచేసే స్నేహితుడి దగ్గర్నుంచి, కరెంటును ఒకవైపుకే పోనిచ్చే బియ్యపుగింజంత డయోడు తెచ్చి, ఒక పంపులో తీగచుట్టకు రెండు కొసలా అతికి, ఆర్నెల్లు చూశాడు. రవ్వ చచ్చింది. బిళ్లలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. సంబరం పట్టలేక షెడ్డు మేనేజరుకు చూపించాడు.

"ఎన్నాళ్లు మన్నుతాయి?"

"పదేళ్లు మూత విప్పక్కర్లేదు సార్!"

"అయితే అన్నిటికీ వేసేయండి. అదయ్యాక మీరూ విశ్రాంతి తీసుకుందురుగాని," అన్నాడు మేనేజరు, ఎక్కడలేని ప్రేమగా.

పది బండ్లకు అయిపోయింది. ఈరోజు పదకొండోది. పొద్దున క్యారేజీ చేతికిస్తూ అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒరేయ్, ఆ ఒక్కదాన్నీ వదిలెయ్యి. దానికోసమైనా పిలుస్తారు. కూర్చున్న కొమ్మను నరుక్కుంటారా ఎవరైనా?"

"చూద్దాంలే అక్కా."

"నీ చూద్దాం నాకు తెలీదా? ఆ పని లేకపోతే రెండ్రోజుల్లో నీకు పిచ్చెక్కుతుంది. మూడో రోజు నాకు."

ఆవిడ మాటే నిజమనిపించింది. శుభ్రం చేసిన బిళ్లల మీద మూత పెట్టి, ఒక మర బిగించాడు కూడా. ఎవరికి తెలుస్తుంది? మూడు నెలలకు బండి మొరాయిస్తుంది, కబురొస్తుంది. రెండో మర చేతిలోకి తీసుకున్నాడు. మందు జేబులో పెట్టుకుని రోగం ముదిరేదాకా కాచుకునే వైద్యుడిలా ఉన్నాననిపించి తనమీద తనకే రోత పుట్టింది. మూత మళ్లీ విప్పాడు.

డయోడు గీత ఎటుండాలో రెండుసార్లు సరిచూసుకుని అతికాడు. కరెంటు ఇచ్చాడు. టిక్కుటిక్కు. రవ్వ లేదు. ఇంత చక్కగా ఏ పంపూ రాలేదు. అది చూడ్డానికి పక్కన మనిషి లేడు.

నాలుగింటికి మేనేజరు గుమ్మంలోంచే అడిగాడు. "అయిందా? సంతోషం. వెళ్లేటప్పుడు తాళంచెవి వాచ్‌మన్‌కి ఇచ్చేయండి."

పంపు వైపు తల కూడా తిప్పలేదు. పాయింట్లాయనకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మేనేజరు మీద కాదు, ఆరోజు పదేళ్లని వాగిన తన నోటి మీద. పంపును బండికి బిగించి, క్యారేజీ తీసుకుని, తాళం వేశాడు. తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టి గేటు దాటాడు.

లోపల బల్ల మీద కాగితం ముక్క ఉండిపోయింది, ఒక అంచున నల్లటి చారతో, రెండో అంచు ఇంకా తెల్లగా.