మూడో దోసిలి

హేమావతి నెల్లూరులో ఎమ్మెస్సీకి చేరినప్పటి నుంచీ పామిడిలో సోమప్ప ఇంట్లో ఆదివారానికి ఒక హోదా వచ్చింది. తొమ్మిదింటికల్లా అతను గొర్రెలను దొడ్డిలోనే ఆపేసి, ముఖం కడుక్కుని, ఫోన్‌ను గూట్లో నిలబెట్టి, దాని ముందు పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చునేవాడు. భార్య మారెక్క మాత్రం నాకేం పట్టిందిలే అన్నట్టు గడప దగ్గర శనక్కాయలు ఒలుస్తూ ఉండేది. చెవులు రెండూ గూటి దగ్గరే.

ఒక్కగానొక్క కూతురు వారానికొక వింత చూపించేది. ఏటి ఒడ్డున రంగనాయకుల గుడి గాలిగోపురం. సాయంత్రం బ్రిడ్జి మీద గాలి కోసం వచ్చే జనం. గంట దూరంలో మైపాడు సముద్రం. హాస్టలు పిల్లలు గుంపుగా వెళ్ళి తినే కారం దోశ. చేపల పులుసు వాసనకు మొదట్లో ముక్కు మూసుకున్నదల్లా ఇప్పుడు ముళ్ళు తీసుకోవడం కూడా నేర్చుకుందట.

"నాయనా, ఈ ఏరు మనదే. మన పెన్నే. మనూర్లో ఇసుక, ఈడ నీళ్ళు. అంతే తేడా," అని ఒకసారి నవ్వింది.

"మన ముందర నుంచే పోయి వాళ్ళకు పెడతాండాదా? దొంగది!" అన్నాడు సోమప్ప. తిట్టినట్టే అన్నాడు గానీ లోపల గర్వంగానే ఉంది.

పామిడి దగ్గర పెన్న అంటే ఇసుకే. నీళ్ళు కావాలంటే చెలమ తవ్వి, ఊరేదాకా కాచుకుని కూర్చోవాలి. ఏ నాలుగైదేళ్ళకో పైన వానలు కురిసి ఏరు వస్తే, ఆ రోజు ఊరంతా పనులు మానుకుని ఎదురువెళ్తుంది. పసుపూ కుంకుమా చల్లి, మోకాటి లోతు నీళ్ళలో నడిమి దాకా నడిచి, మూడు దోసిళ్ళు తాగుతారు. ఒకటి కన్నవాళ్ళ పేరు మీద, ఒకటి ఊరి పేరు మీద, చివరిది తన పేరు మీద. ఒడ్డున తాగరు. కొత్తనీళ్ళు పెంటా నురగా అంతా తోసుకొచ్చి ఒడ్డునే వదుల్తాయి కాబట్టి నడిమికే పోవాలి. సోమప్ప తాత అలాగే పోయాడు, తండ్రీ అలాగే పోయాడు. హేమావతి మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు సోమప్ప భుజాన ఎక్కి పోయింది.

అక్టోబరులో ఒక ఆదివారం మారెక్క శనక్కాయ పీకడానికి కూలికి వెళ్ళింది. ఫోన్ దగ్గర సోమప్ప ఒక్కడే ఉన్నాడు. పామిడికీ నెల్లూరుకూ నడుమ వానలు పడి డ్యాం గేట్లు ఎత్తారని, ఏరు నిండా వచ్చిందని, హేమావతి గుడి మెట్ల మీద నిలబడి చూపించింది. ఫోన్లో ఈ చివర నుంచి ఆ చివరి దాకా నీళ్ళే. సోమప్ప తనకు తెలియకుండానే లేచి నిలబడి దండం పెట్టాడు.

"ఇంగా సూస్తావేంది మే? దిగి మూడు దోసిళ్ళు తాగు."

"ఈడ ఎవురూ దిగడం లేదు నాయనా. మెట్ల మీదనే నెత్తిన సల్లుకుంటాండారు."

"వాళ్ళకేం, దినామూ సూసేటోళ్ళు. మనం అట్లా కాదు. ఒడ్డున తాగొద్దు, నురగ ఉంటాది. నడిమికి పో."

"లోతుంటాదేమో నాయనా."

సోమప్ప నవ్వాడు. ఆ నవ్వే తర్వాత అతన్ని కాల్చుకు తిన్నది.

"పెన్నకు లోతేంది మే? యాభై రెండేండ్లు సూసినా. మోకాలు దాటింది ల్యా."

"సరేలే," అని ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆమె స్నేహితురాలు మల్లీశ్వరి ఫోన్ చేసింది. ఏడుపే తప్ప మాట లేదు. వేరే ఎవరో ఫోన్ అందుకుని విషయం చెప్పారు. సోమప్ప చేనుకు పరుగెత్తి మారెక్కను తీసుకుని, మట్టిచేతులతోనే ఆమెను బస్సెక్కించాడు.

నెల్లూరులో రెండు రోజులు గుడి మెట్ల మీదే కూర్చున్నారు. యాభై రెండేళ్ళు పెన్న పక్కన బతికిన మనిషి నిండు పెన్నను చూడడం అదే మొదలు. పడవవాళ్ళు ఒడ్డుకు నాలుగు బారల దూరంలో గెడ వేస్తే అది సాంతం మునిగింది, అడుగు తగల్లేదు.

"ఇక్కడ ఇసుక తోడేశారు పెద్దాయనా," అన్నాడు పడవ మనిషి. "నడుం లోతుందని దిగితే, మరో అడుక్కి రెండు నిలువుల గుంత. మా పిల్లకాయల్నే దిగనీయం."

సోమప్ప తలాడించాడు. వెనక గుడిలో మైకు మోగుతూనే ఉంది. బ్రిడ్జి మీద కాలేజీ పిల్లలు ఏటిని వెనక పెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. హేమావతి చూపించిన గోపురం, బ్రిడ్జి, ఎదురుగా కారం దోశ కొట్టు, అన్నీ ఆమె చెప్పిన చోటే ఉన్నాయి. ఊరు అందంగా ఉంది, దానికి సిగ్గూ శరం లేదు అనుకున్నాడతను.

మారెక్క ఎవరు కనిపించినా ఒకే మాట అడుగుతోంది. "బాయి సూస్తేనే ఆమడ దూరం నిలబడే పిల్ల. ఎవురు దించినారు నా బిడ్డను?"

రెండో రోజు మల్లీశ్వరి వచ్చింది. మారెక్క లేచి ఆ పిల్ల జుట్టు పట్టుకుంది.

"నువ్వే గదా పిల్సకొచ్చింది? నువ్వే గదా దిగమనింది?" కాలి చెప్పు తీసి కొట్టింది. ఒకసారి కాదు. ఆ పిల్ల చేతులు అడ్డం పెట్టుకోలేదు. సోమప్ప వైపు మాత్రం చూసింది. ఆమెకు తెలుసు. హేమావతి ఫోన్ మాట్లాడేటప్పుడు పక్కనే ఉంది. మారెక్క అలిసిపోయి కూలబడ్డాక, పక్కకు వచ్చి అతనికి మాత్రమే వినబడేలా చెప్పింది. "నడిమికి పోవాలన్నాడు మా నాయన అని దోసిలికొక అడుగు ముందరికి వేసింది మామా. రెండు తాగింది. మూడోది చేతుల్లో ఉండంగానే..."

సోమప్ప నోరు తెరిచాడు. మాట రాలేదు. రాలేదంటే అబద్ధం, రానివ్వలేదు. ఆ పిల్ల కన్నీళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజు తెల్లారి, ఏరు సముద్రంలో కలిసే వైపు, చేపలు పట్టే పల్లెకారులు వల వేస్తుంటే హేమావతి దొరికింది.

పామిడికి తెచ్చి మట్టి చేశారు. చిన్నదినమనే మూడోనాటి కర్మకు సమాధి మీద పోయడానికి పాలతో పాటు ఏటినీళ్ళు కావాలన్నారు పెద్దలు. మొగుడూ పెళ్ళాం బిందె తీసుకుని ఏట్లోకి దిగారు. దిగారంటే, ఇసుకలో నడిచారు. నెల్లూరులో నిండి పారుతున్న ఏరు ఇక్కడ చెప్పులకు కూడా అంటలేదు.

సోమప్ప చేతులతో చెలమ తవ్వాడు. మోచేతి లోతుకు వెళ్ళాక చెమ్మ, ఆ తర్వాత పిడికెడు నీళ్ళు. మారెక్క పక్కన కూర్చుని తిట్లు మొదలుపెట్టింది. "ఆ మల్లీశ్వరి కడుపు మాడిపోనూ. దాని ఇల్లు కూలిపోనూ."

"ఆ పిల్లనేమీ అనొద్దు," అన్నాడు సోమప్ప.

"ఎందుకనొద్దు?"

"దిగమనింది నేను."

అన్నీ చెప్పాడు. ఫోన్, నురగ, నడిమి, మోకాలు, నవ్వు. తల ఎత్తకుండా చెలమలోకి చూస్తూ చెప్పాడు. నీళ్ళు ఊరుతున్నాయి. మారెక్క తిట్లు ఆపేసి అడిగింది.

"ఎన్ని తాగిందంట?"

"రెండు."

"కన్నోళ్ళది, ఊరిది." ఆమె వేళ్ళు మడిచింది. "దానిది దానికి దక్కల్యా."

సోమప్ప భోరుమన్నాడు. తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"నీళ్ళ సంగతి నీకేం తెల్సు? నాకు మాత్రం తెల్సునా?" అంది మారెక్క మెల్లగా. "నేనున్నా అదే మాట సెప్పిందును. తెలీక సెప్తివి." ఆమె గొంతు మారింది. "ఆ పిల్లను నేను సెప్పు తీసుకోని కొడతాంటే పక్కనే నిలబడి సూస్తివే, అది తెలిసే గదా?"



మారెక్క రెండు చేతులతో ఇసుక తోసి చెలమ పూడ్చేసింది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని, అతని కోసం ఆగకుండా, ఏటి మధ్య నుంచి కొంచెం ఎగువకు నడిచి, అక్కడ ఒంటరిగా కూర్చుని తనకు తానే మరో చెలమ తవ్వుకోవడం మొదలుపెట్టింది. సోమప్ప లేచి అటు నాలుగడుగులు వేశాడు. ఆమె తల తిప్పకుండానే, రావద్దని చెయ్యి అడ్డం పెట్టింది.